పలక లౌడ్‌స్పీకర్లు: ముందు గది, తరువాత శక్తి

గత వేసవిలో సికింద్రాబాదు మారేడుపల్లిలో నివసించు మా మాస్టారు ఒకరు కబురు చేసిరి. కళాశాలలో నాకు భౌతికశాస్త్రము చెప్పినవారు. పదవీ విరమణ చేసి పదునైదేండ్లు దాటినది. అమెరికాలోని కుమారుడు ఆయనకు ఒక జత లౌడ్‌స్పీకర్లు పంపియుండెను. అవి మనము సామాన్యముగా చూచు పెట్టెలవంటివి కావు. నాలుగడుగుల ఎత్తు, అడుగుకు కొంచెము మించిన వెడల్పు, అంగుళము మందము గల రెండు పలకలు. గుడ్డ చుట్టిన తడికలవలె గోడకు దగ్గరగా నిలబెట్టి యుండిరి.

“గొంతు బ్రహ్మాండంగా ఉందయ్యా. ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది. తంబుర జీరు కూడా తెలుస్తోంది. కాని మృదంగంలో తొప్పి ఏది? సగం మృదంగమే వాయిస్తున్నట్టుంది” అనిరి.

ఈ లోపమును పోగొట్టుటకు ఆయనకు సలహాలు చాల వచ్చినవి. క్రొత్త ఆంప్లిఫయరు కొనవలెననిరి కొందరు. బొటనవ్రేలంత లావు తీగలు వేయవలెననిరి మరికొందరు. పలకల లోపలి తీగచుట్టలను, కెపాసిటర్లను తీసివేసి మేలురకము పెట్టించవలెనని ఇంకొకరు. అన్నియు కలిపి రెండు లక్షల పైచిలుకు లెక్క తేలినది. బ్యాంకులో దాచుకొన్న సొమ్ము తీయుటకు ముందు, “నువ్వొకసారి చూడు” అని నన్ను పిలిచిరి. వీటిలో ఏది చేయవలెను, ఏది ముందు చేయవలెను అని తేల్చవలెనన్న, ఈ పలకలు ఎట్లు పనిచేయునో మొదట తెలియవలెను.

పెట్టె లేని స్పీకరు

మన రేడియోలలోను, టెలివిజన్లలోను ఉండు లౌడ్‌స్పీకరు కాగితపు గరాటు వంటిది. గరాటు మొనకు ఒక తీగచుట్ట అంటించి, దానిని అయస్కాంతపు సన్నని సందులో వ్రేలాడదీయుదురు. తీగలో విద్యుత్తు మారినపుడెల్ల చుట్ట ముందునకు, వెనుకకు కదలును. గరాటు గాలిని త్రోయును. అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రకటించిన పద్ధతి ఇది. నూరేండ్లయినను మూలసూత్రము మారలేదు.

ఇందులో ఒక చిక్కు కలదు. గరాటు ముందునకు కదలినపుడు ముందు గాలి నొక్కుకొనును, వెనుక గాలి పలుచబడును. ఈ రెండును అంచు చుట్టి ఒకదానినొకటి కలిసికొన్నచో శబ్దము చచ్చిపోవును. వెనుక శబ్దమును బంధించుటకే పెట్టె వచ్చినది. కాని పెట్టె కూడ కంపించును. తన గొంతును పాటలో కలుపును. చెక్క గొంతు, డబ్బా గొంతు అని మనము చెప్పుకొనునది చాలవరకు ఇదియే.

పలక స్పీకరులో గరాటు లేదు, పెట్టె లేదు. పలుచని ప్లాస్టికు పొరను ఒక చట్రములో తప్పెట వలె బిగించి, ఆ పొర అంతటిని ఒక్కసారిగా కదల్తురు. కదల్చుటకు రెండు మార్గములు కలవు.

మొదటిది స్థిర విద్యుత్తు. పొరకు విద్యుద్వాహకమైన పూత పూసి, దానిమీద కొన్ని వేల వోల్టుల ఆవేశము నిలిపి, ఇరువైపుల రంధ్రములు గల లోహపు పలకలను అమర్తురు. సంగీతపు వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మరు ద్వారా పెంచి ఆ పలకలకిచ్చిన, పొర అటునిటు లాగబడును. ఇంగ్లండులో హంటింగ్డను పట్టణమున పీటర్ వాకరు 1957లో అమ్మకమునకు తెచ్చిన క్వాడ్ స్పీకరు ఈ జాతిలో ప్రసిద్ధము. అందులో మంద్రస్వరముల పొరకు సుమారు 6,000 వోల్టులు, తారస్వరముల పొరకు 1,500 వోల్టులు. ఆ నమూనా 1985 వరకు తయారైనది. 1981లో వచ్చిన దాని తమ్ముడు ఇ.ఎస్.ఎల్.-63లో లోహపు పలకను వలయములు వలయములుగా విభజించి, వెలుపలి వలయములకు శబ్దము కొంచెము ఆలస్యముగా అందునట్లు చేసిరి. చెరువులో రాయి పడిన చోటినుండి అలలు వెడలినట్లు, ధ్వని పొర వెనుకనున్న ఒక బిందువునుండి వచ్చినట్లు వినబడును.

రెండవది అయస్కాంత మార్గము. పొరమీద సన్నని అల్యూమినియము తీగనో, రేకునో అటునిటు పరచి అంటించి, ఎదురుగా అయస్కాంతపు కడ్డీలను వరుసగా పేర్తురు. తీగలో విద్యుత్తు ప్రవహించిన చోటనెల్ల బలము పుట్టి పొర కదలును. వేల వోల్టుల పని లేదు. గోడ ప్లగ్గు కూడ అక్కరలేదు. త్రీఎమ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన జిమ్ వైనీ ఈ మార్గమును పట్టి, 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో మాగ్నెపాన్ సంస్థను స్థాపించెను. మా మాస్టారి పలకలు ఈ జాతివే.

ఆ పొర మందము సుమారు 12 మైక్రోమీటర్లు, అనగా తలవెండ్రుకలో అయిదారవ వంతు. చదరపు మీటరు పొర పదునేడు గ్రాములు తూగును. ఒకటిన్నర సెంటీమీటరు మందము గల గాలి పొర బరువు కూడ అంతే! కాగితపు గరాటును కదల్చి ఆపుటయనగా బరువైన తలుపును తెరచి మూయుట వంటిది. ఈ పొరకట్టి బరువు లేదు. విద్యుత్తు కదలుమన్నపుడు కదలును, ఆగుమన్నపుడు ఆగును. వీణ మీటు మొదటి క్షణము, తంబుర జీరు, గాయకుని ఊపిరి అంత స్పష్టముగా వినబడుటకు కారణమిదే.

అయితే అంత తేలికయైన పొరకు రెండు ఋణములు కలవు. పెట్టె లేదు గనుక వెనుక శబ్దమును గదియే మోయవలెను. అయస్కాంతములు పొరకు ఎడముగా నుండి బలము తక్కువ గనుక ఆంప్లిఫయరు ఎక్కువ విద్యుత్తు నీయవలెను. మాస్టారి కష్టములన్నియు ఈ రెంటిలోనివే. చిత్రమేమనగా సలహా చెప్పినవారందరు రెండవదానిని గూర్చియే చెప్పిరి. మొదటిదానిని గూర్చి ఒక్కరును చెప్పలేదు.

వెనుక గోడ చేయు పని

పలక ముందువైపునకు ఎంత శబ్దమునిచ్చునో వెనుకకును అంతే ఇచ్చును, కాని తలక్రిందులుగా. ముందు గాలి నొక్కుకొనినపుడు వెనుక పలుచబడును గదా. ప్రక్కలకు మాత్రము రెండును కలిసి సున్న అగును. పై నుండి చూచిన దాని ధ్వని 8 అంకె ఆకారములో నుండును.

వెనుకకు పోయిన తరంగము గోడను తాకి తిరిగి వచ్చి, ముందు తరంగముతో కలియును. పలకకు, గోడకు మధ్య దూరము తక్కువైన, తిరిగివచ్చునది ఆలస్యము లేక వచ్చును; తలక్రిందులుగా నున్నది కనుక ముందుదానిని తినివేయును. మంద్రస్వరముల తరంగములు పొడవైనవి కనుక ఈ నష్టము వానికే ఎక్కువ.

అంకెలు వేసి చూతము. మృదంగములో కుడి మూతి, అనగా వలంతల, గాయకుని ఆధార శ్రుతికి కలుపబడును. ఎడమ మూతికి, అనగా తొప్పికి, రవ్వ ముద్ద అద్ది దాని నాదమును సుమారు ఒక స్థాయి దింపుదురు. (మృదంగము మూతి మీది కరణి వలన ఆ వాద్యమునకు స్వరముల పొందిక ఎట్లు వచ్చునో సి. వి. రామన్ 1920లోను, 1934లోను వివరించియున్నారు. ఆసక్తి గలవారు తప్పక చదువదగినది.) ఒక కట్టె శ్రుతిలో ఆధార షడ్జమము 131 హెర్ట్జులు, తొప్పి సుమారు 65. వెచ్చని గదిలో ధ్వని వేగము సెకనుకు 345 మీటర్లనుకొన్న, 65 హెర్ట్జుల తరంగదైర్ఘ్యము 5.3 మీటర్లు.

మాస్టారి పలకలు గోడకు అడుగు దూరములో, అనగా 0.3 మీటరులో నుండెను. వెనుక తరంగము అదనముగా నడచునది 0.6 మీటరు మాత్రమే. లెక్క కట్టిన, ముందు తరంగము ఒక్కటే ఉన్నపుడు ఒకటి అనుకొన్న ధ్వని పీడనము 0.70కి దిగును. అదే పలకను గోడకు ఒక మీటరు దూరమునకు జరిపినచో 1.85 అగును! అనగా పీడనము 2.6 రెట్లు పెరిగినది. ధ్వనిశక్తి పీడనపు వర్గమును బట్టి యుండును గనుక, ఇది ఆంప్లిఫయరును ఏడు రెట్లు పెద్దదిగా చేసినట్లు. ఒక రూపాయి ఖర్చు లేదు. ఇద్దరు మనుషులు చాలు.

ఇది ఒక్క వెనుక గోడనే తీసికొన్న లెక్క. నిజమైన గదిలో మిగిలిన గోడలు, నేల, కప్పు కూడ జోక్యము చేసికొనును. నా సెల్‌ఫోనులో 65 హెర్ట్జుల స్వరమును పెట్టి, మాస్టారి కుర్చీ దగ్గర కొలిచితిమి. లెక్క ప్రకారము ఎనిమిదిన్నర డెసిబెల్లు పెరుగవలెను, ఆరు పెరిగినవి. ఆరైనను చిన్న మాట కాదు. పలకలను మొదట జరిపిన సాయంకాలమే, “అదిగో, తొప్పి!” అని ఆయన కుర్చీ చేతిమీద తాళము వేసిరి.

దూరము పెరిగిన కొలది అంతయు లాభమే యనుకొనరాదు. వెనుక తరంగము నడచు అదనపు దారి సరిగా ఒక తరంగదైర్ఘ్యమైన చోట మరల నష్టము వచ్చును. ఒక మీటరు దూరమునకు ఇది 172 హెర్ట్జులు. పురుషుని గాత్రము సంచరించు చోటు. 1.2 మీటర్లకు ఇది 144 హెర్ట్జులకు దిగును. కావున ఒక్కసారి జరిపి వదలుట కాక, నాలుగంగుళముల చొప్పున జరుపుచు తెలిసిన పాటనే వినవలెను. కొలత పరికరము దారి చూపును. చివర తీర్పు మాత్రము చెవిదే. మాకు రెండు సాయంకాలములు పట్టినవి.

ఇంకొక లాభము కూడ కలదు. గోడనుండి వచ్చు ప్రతిఫలనము అతి త్వరగా వచ్చిన, చెవి దానిని అసలు శబ్దముతో కలిపివేసి గొంతు రంగు మారినట్లు భావించును. మీటరు దూరములో అది సుమారు ఆరు మిల్లీసెకన్లు ఆలస్యముగా వచ్చును. అప్పుడు అది స్వరమును చెరుపుట తగ్గి, వేదిక వెనుక కొంత చోటున్న భావమును కలిగించును. కచ్చేరి లోతుగా, విశాలముగా వినబడుటకు ఇది ఒక కారణము.

షాబాదు బండలు, బూరుగు దూది

మా ప్రాంతపు ఇండ్ల గదులు ధ్వని దృష్ట్యా కఠినమైనవి. క్రింద షాబాదు బండలో, గ్రానైటో. పైన కాంక్రీటు కప్పు. చుట్టును సున్నము వేసిన ఇటుక గోడలు. ఇవి తమమీద పడిన శబ్దములో నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే పీల్చుకొని, మిగిలినదంతయు తిప్పికొట్టును. ఉత్త గదిలో చప్పట్లు కొట్టిన ఖంగుమను మోత అందుకే.

హార్వర్డు విశ్వవిద్యాలయములో వాలెస్ సాబిన్ అను ఉపన్యాసకుడు 1895లో ఒక ఉపన్యాస మందిరపు మోతను తగ్గించు పని చేపట్టి, ప్రక్క నాటకశాలనుండి కుర్చీ మెత్తలను మోయించి తెచ్చి, రాత్రులు ఆర్గాను గొట్టము మ్రోగించి గడియారముతో కొలిచెను. శబ్దము పూర్తిగా అణగుటకు పట్టు కాలము గది ఘనపరిమాణమును బట్టి పెరుగును, శోషణమును బట్టి తగ్గునని తేల్చెను. మీటర్లలో లెక్కించునపుడు ఘనపరిమాణమును 0.161చే గుణించి మొత్తము శోషణముచే భాగించిన, ఆ కాలము సెకన్లలో వచ్చును.

మాస్టారి గది పదునైదడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. అనగా సుమారు 51 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 84 చదరపు మీటర్లు. నూటికి మూడు పాళ్ళ శోషణమైన, గది ఉత్తగా నున్నపుడు మోత అణగుటకు మూడు సెకన్లకు పైగా పట్టును. త్వరితగతిని నడచు తనియావర్తనములో ఇంతలో ఎన్ని దెబ్బలు పడునో ఊహించుకొనుడు! శోషణమును పదునైదు చదరపు మీటర్లకు పెంచిన, అది అర సెకను ప్రాంతమునకు దిగును. ఇంటిలో వినుటకు అది చక్కని కొలత.

ఆ శోషణమును ఎక్కడినుండి తేవలెను? ఇందులోను తొందర పనికిరాదు. వరంగల్లు జంపఖానా అందముగా నుండును, నేలమీద వేసికొనవలసినదే. కాని అది పలుచన గనుక తారస్వరములను మాత్రమే పీల్చును. మందమైన బూరుగు దూది పరుపు మధ్యమ స్వరములను కూడ పట్టును. పుస్తకముల అలమర శబ్దమును కొంత పీల్చును, కొంత చెల్లాచెదరు చేయును. పలకల వెనుక గోడకు ఇది మిక్కిలి అనుకూలము. మాస్టారింట పుస్తకములకు లోటు లేదు. ప్రక్క గదిలోని రెండు అలమరలను తెచ్చి పలకల వెనుక నిలిపితిమి. ఆయన కుర్చీ వెనుక గోడకు పాత పరుపునొకదానిని చీరె కప్పి నిలబెట్టితిమి. ప్రక్క గోడలకు ఏమియు చేయలేదు; పలక ప్రక్కలకు దాదాపు శబ్దమునీయదు గనుక ఆ అవసరము పెట్టె స్పీకరుకున్నంత లేదు. అడ్డముగా, అనగా పండ్రెండడుగుల కొలతకు, గది సహజముగా మ్రోగు 47 హెర్ట్జుల హోరును పలక తక్కువగా రేపుటకు కూడ ఇదే కారణము.

ఎంత శక్తి?

ఇక ఆంప్లిఫయరు. ఈ పలకలకు ఇచ్చిన కొలత: 2.83 వోల్టులిచ్చిన, మీటరు దూరములో 86 డెసిబెల్లు. అవరోధము 4 ఓములు. ఇక్కడ చాలమంది పొరబడుదురు. 2.83 వోల్టులనగా ఎనిమిది ఓములలో ఒక వాటు, నిజమే. కాని నాలుగు ఓములలో అది రెండు వాట్లు. కావున ఒక వాటుకు లభించునది 83 డెసిబెల్లే. వాటుకు 90 డెసిబెల్లిచ్చు పెట్టె స్పీకరుతో పోల్చిన, అదే శబ్దమునకు అయిదు రెట్ల శక్తి కావలెను.

మాస్టారు మూడు మీటర్ల దూరములో కూర్చుందురు. ఇంటిలో తృప్తిగా వినుటకు సగటున 80 డెసిబెల్లు చాలును. పొడవైన పలక గీత వంటి ధ్వనిమూలము గనుక దూరముతో శబ్దము పెట్టె స్పీకరుకన్న మెల్లగా తగ్గును. మూడు మీటర్లకు సుమారు అయిదు డెసిబెల్లు పోవుననుకొందము. రెండు పలకలు కలిసి మీటరు దూరములో 85 ఈయవలెను, ఒక్కొక్కటి 82. దానికి ఒక్కొక్క పలకకు కావలసినది ఒక వాటులో నాలుగైదవ వంతులు మాత్రమే!

మరి నూరు వాట్ల ఆంప్లిఫయర్లెందుకు? సంగీతము సగటు మీద నడువదు. మృదంగము మీద గట్టి దెబ్బ పడినపుడు, ఘటము మీద వ్రేళ్ళు మోగినపుడు, ఆ క్షణములో పీడనము సగటుకు ఇరువది డెసిబెల్లు మించవచ్చును. ఇరువది డెసిబెల్లనగా నూరు రెట్ల శక్తి. అనగా ఎనుబది వాట్లు. నాలుగు ఓములలో ఎనుబది వాట్లకు దాదాపు 18 వోల్టులు, నాలుగున్నర ఆంపియర్లు; తరంగ శిఖరము వద్ద ఆరు ఆంపియర్లకు పైగా. ఆంప్లిఫయరు అంత విద్యుత్తు నీయలేనిచో తరంగపు తల నరికివేయబడును. దెబ్బ మొద్దుబారును. అంతేకాక నరికిన తరంగములో తారస్వరములు హెచ్చి, వానిని పలుకు సన్నని రేకు వేడెక్కి కాలిపోవచ్చును. శక్తి చాలని ఆంప్లిఫయరు స్పీకరును కాల్చుట విచిత్రముగా తోచును గాని, నిజము.

కాబట్టి చూడవలసినది పెట్టెమీద పెద్ద అక్షరములతో నున్న వాట్ల అంకె కాదు. నాలుగు ఓములకు ఎంత అని చిన్న అక్షరములలో నున్నది. ఎనిమిది ఓములకు 50 వాట్లిచ్చి, నాలుగు ఓములకు 100 దగ్గరగా ఈయగలది మంచిది. ఎనిమిదికి 100 అని చెప్పి, నాలుగు ఓములు తగిలించగానే వేడెక్కి ఆగిపోవునది పనికిరాదు. మాస్టారి పాత ఆంప్లిఫయరు వెనుక “8 నుండి 16 ఓములు” అని ముద్రించియుండెను. తొప్పి కొంత తిరిగివచ్చినను, శబ్దము పెంచినపుడు అది తడబడెను. ఆయనకు ఆంప్లిఫయరు మార్చుట అవసరమే. కాని లక్షల ఆంప్లిఫయరు కాదు.

క్లాసు-డి అనబడు నేటి స్విచ్చింగు ఆంప్లిఫయర్లు తాము తీసికొన్న విద్యుత్తులో నూటికి తొంబది పాళ్ళవరకు స్పీకరుకు అందించగలవు. సికింద్రాబాదు మే నెలలో ఇది తక్కువ సుగుణము కాదు. క్లాసు-ఎ అను పాత పద్ధతి ఆంప్లిఫయరు పాట పాడకున్నను కుంపటివలె కాగుచుండును. అయస్కాంతపు పలక విద్యుత్తుకు దాదాపు ఉత్త నిరోధమువలె కనబడును గనుక, క్లాసు-డికి అది సులభమైన బరువు. స్థిర విద్యుత్ పలకలు అట్లు కావు. అవి కెపాసిటరు వంటివి. స్వరము పైకి పోయిన కొలది వాని అవరోధము దిగును. 1957 నాటి క్వాడ్‌లో చెవికి వినబడు స్వరముల పై అంచున అది రెండు ఓములకు లోబడును. అటువంటి బరువుపై నిలకడ తప్పు ఆంప్లిఫయర్లు కలవు. పైగా ఆ క్వాడ్ 15 వాట్ల వాల్వు ఆంప్లిఫయరుతో జతగా వాడుటకు ఉద్దేశించినది; పెద్ద ఆంప్లిఫయరు తగిలించి పొరలు కాల్చుకొన్నవారు అనేకులు.

తీగలు, చుట్టలు, ఫ్యూజు

బొటనవ్రేలంత తీగల సంగతి త్వరగా తేల్చవచ్చును. ఇంటి వైరింగుకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధము మీటరుకు సుమారు ఏడు మిల్లీఓములు. పలకకు అయిదు మీటర్ల దూరమైన, పోయి వచ్చుటకు పది మీటర్లు, మొత్తము 0.07 ఓము. నాలుగు ఓముల ముందు ఇది కలిగించు నష్టము డెసిబెల్లులో ఆరేడవ వంతు. ఏ చెవియు దీనిని పట్టలేదు. రాణీగంజులో చుట్టల లెక్కన అమ్ము తీగ చాలును.

లోపలి తీగచుట్ట సంగతి వేరు. స్వరములను మంద్రముగా, తారముగా విభజించు ఈ చుట్టకు అర ఓము నిరోధమున్నచో, నాలుగు ఓముల పలకకు చేరవలసిన దానిలో ఒక డెసిబెల్ మార్గమధ్యముననే పోవును. లావు తీగతో చుట్టిన చుట్ట వేసిన అది తిరిగివచ్చును. ఇది కొలతకందు మేలు. కాని గోడనుండి జరుపుట ఆరు డెసిబెల్లిచ్చిన తరువాత, ఒక డెసిబెల్ కొరకు చట్రము విప్పుట తొందరపాటు. కెపాసిటర్ల మేలురకములు సాధారణముగా తారస్వరములకు సంబంధించినవి. ఆ మాట నేను నసుగుచు చెప్పబోగా మాస్టారే అందుకొనిరి: “డెబ్బై దాటిన నా చెవికి పదివేల హెర్ట్జుల పైన ఏం వినిపిస్తుందయ్యా? ఆ డబ్బు మిగిలినట్టే.” వయసుతో తారస్వరముల వినికిడి తగ్గుట ఆయనకు తెలియనిది కాదు.

ఫ్యూజును తీసి తీగ ముక్క పెట్టిన శబ్దము మెరుగగునని చెప్పువారున్నారు. ఆ పని చేయరాదు. సన్నని రేకు కాలకుండ కాపాడునది ఆ ఫ్యూజే.

చట్రము ఊగకుండ నిలుచుట అవసరమే. పొర గ్రాములలో తూగును, చట్రము కిలోగ్రాములలో; కావున పొర త్రోపుడుకు చట్రము కదలిక అతి స్వల్పము. కాని పాదములు ఎగుడుదిగుడు బండలమీద నిలువక ఊగిన, ఆ ఊపు వినబడును. పాదములమీద చెరియొక బండముక్క పెట్టితిమి, చాలినది.

మన ఎండ, మన వాన

సికింద్రాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఆ ఎత్తున, నలుబది డిగ్రీల ఎండలో, గాలి సాంద్రత సముద్రతీరపు చల్లని దినముకన్న నూటికి సుమారు పండ్రెండు పాళ్ళు తక్కువ. పలుచని గాలి విద్యుత్ స్ఫులింగమును ఆపు శక్తిలో కూడ ఇంచుమించు అంతే తగ్గును. ఇంగ్లండులో నిశ్చింతగా నున్న స్థిర విద్యుత్ పలక ఇక్కడ చిటపటలాడుటకు ఇదొక కారణము. వానకాలపు తేమ, ఆవేశపు పొర తనవైపు లాగుకొను దుమ్ము మిగిలిన కారణములు. అటువంటి పలకలను కొనువారు దుమ్ము తెరలు చెడకుండ చూచుకొనవలెను. వెనుక మూత మాత్రము స్వయముగా తీయరాదు. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ వేల వోల్టులు కొంతసేపు లోపల నిలిచియుండును.

అయస్కాంతపు పలకలకు శత్రువు ఎండ. కిటికీలోనుండి నేరుగా పడు ఎండకు జిగురు పెళుసెక్కి, కొన్నేండ్లకు తీగ పొరను విడిచి బరబరమను శబ్దము చేయును. తిరిగి అంటించుట సాధ్యమే గాని ఓపిక గల పని. మాస్టారింట పడమటి కిటికీకి మందమైన తెర వేయించితిమి.

సాయంకాలపు వోల్టేజి తగ్గుదలను గూర్చి కూడ ఆయన అడిగిరి. సామాన్యమైన ఆంప్లిఫయరులో 230 వోల్టులు 200కు దిగిన, గరిష్ఠ శక్తి నాలుగింట ఒక వంతు తగ్గును. డెసిబెల్లలో అది 1.2 మాత్రమే. ఇందుకొరకు స్టెబిలైజరు కొననక్కరలేదు. కరెంటు పోయినపుడు చతురస్ర తరంగమునిచ్చు చౌక ఇన్వర్టరుపై ఆంప్లిఫయరును నడుపుట మాత్రము మానవలెను, ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమనును. మూడవ పిన్ను, అనగా ఎర్తు, సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే చూపించుట అన్నిటికన్న ముఖ్యము.

చివరకు మాస్టారు కొన్నది నాలుగు ఓములకు నూరు వాట్లిచ్చు చిన్న క్లాసు-డి ఆంప్లిఫయరు ఒకటి, పదిమీటర్ల రాగి తీగ. రెండు లక్షలలో పదవ వంతు కూడ కాలేదు. తీగచుట్టల మాట దసరా తరువాత చూతమనిరి. దసరా వెళ్ళినది, ఆయన ఎత్తలేదు.

మిగిలిన తగవు ఒక్కటే. మీటరు ముందునకు వచ్చిన పలకలు నడవకు అడ్డమని అమ్మగారు అభ్యంతరము చెప్పిరి. పదిమంది వచ్చి పోవు ఇల్లు. ఆమె మాటలో న్యాయమున్నది. పలకలు ఒక్కొక్కటి ఒకరు ఎత్తదగిన బరువే గనుక, వినునపుడు ముందునకు, తరువాత గోడకు జరుపుటకు ఒప్పందము కుదిరినది. అయితే ప్రతిసారి అంగుళము తేడా లేకుండ అదే చోట నిలుపుట ఎట్లు? నేను సుద్దముక్కతో గీసిన గీతలు మరునాటి తుడుపులో పోయినవి. అమ్మగారే పెయింటు డబ్బా తెప్పించి, నాలుగు పాదములున్న చోట నాలుగు చిన్న ముగ్గులు వేసిరి.